టపా ఓడ మోసింది బొగ్గే: ‘హ్యూ లిండ్సే’ ఎలా పనిచేసింది (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇవాళ్టి విషయం ఒక్క ఓడ. పేరు హ్యూ లిండ్సే. 411 టన్నుల టేకు ఓడ, 80 హార్స్‌పవర్ ఇంజన్లు రెండు, పక్కల రెండు పెద్ద తెడ్ల చక్రాలు. 1829 అక్టోబర్ 14న బొంబాయి డాక్‌యార్డులో నీళ్ళలోకి దించారు. కట్టింది వాడియా కుటుంబపు పార్సీ మేస్త్రీలు. ఇంజన్లు మాత్రం లండన్‌లోని మాడ్‌స్లే కర్మాగారం నుంచి వచ్చాయి. ఓడ ఈస్టిండియా కంపెనీ వారి బొంబాయి మెరైన్‌ది. ఆ దళానికే 1830లో ఇండియన్ నేవీ అని పేరు మార్చారు. కాబట్టి ఇది యుద్ధ నౌక, దాని ముఖ్యమైన పని టపా మోయడం.

దీని చరిత్రను మామూలుగా వీరగాథలా చెబుతారు: బొంబాయి నుంచి సూయజ్‌కు ఆవిరితో వెళ్ళిన మొదటి ఓడ, ఇంగ్లండ్‌ను దగ్గర చేసిన ఓడ అని. అందులో అబద్ధం లేదు. కానీ ఎప్పుడు బయల్దేరాలో, ఎక్కడ ఆగాలో, ఎంత వేగంతో పోవాలో, చివరికి ఎవరి రేవును ఆక్రమించాలో కూడా తేల్చింది దాని బొగ్గు అర. అందుకే నేను దీన్ని కెప్టెన్ గది నుంచి కాకుండా కొలిమి దగ్గర నుంచి చూపిస్తాను.

ముందు కాస్త వెనక్కి వెళ్దాం. 1825లో ఎంటర్‌ప్రైజ్ అనే ఆవిరి ఓడ ఫాల్మత్ నుంచి ఆగస్టు 16న బయల్దేరి, గుడ్ హోప్ అగ్రాన్ని చుట్టి, డిసెంబర్ 7న కలకత్తా చేరింది. 113 రోజులు. బాగా నడిచే తెరచాప ఓడ కూడా ఇంచుమించు ఇంతే తీసుకుంటుంది. కలకత్తా పెద్దలు లక్ష రూపాయల బహుమతి పెట్టి, 70 రోజుల సగటున వచ్చి వెళ్ళాలని షరతు విధించారు. ఆ లెక్కకు ఎంటర్‌ప్రైజ్ దరిదాపుల్లోకి కూడా రాలేదు. దారి పొడుగునా బొగ్గు దొరకదు, అంత బొగ్గు ఓడలో పట్టదు. దాంతో చాలా రోజులు తెరచాపల మీదే నడిచింది. కలకత్తా వర్గం గుడ్ హోప్ అగ్రం చుట్టే ఈ కేప్ దారినే పట్టుకుని కూర్చుంటే, బొంబాయి వాళ్ళు ఎర్ర సముద్రం వైపు చూశారు. బొంబాయి నుంచి ఏడెన్‌కు సుమారు 1,640 నాటికల్ మైళ్ళు. అక్కడి నుంచి సూయజ్‌కు ఇంకో 1,300. సూయజ్ నుంచి కైరో దాకా 84 మైళ్ళ ఎడారి. ఆ తర్వాత నైలు నది, మహమూదియా కాలువ, అలెగ్జాండ్రియా. మధ్యధరా సముద్రంలో 1830 ఫిబ్రవరి నుంచి బ్రిటిష్ నేవీ ఆవిరి ప్యాకెట్లు, అంటే టపా ఓడలు, ఫాల్మత్ నుంచి మాల్టా వరకు తిరగడం మొదలెట్టాయి. అంటే గొలుసులో తెగిన లంకె బొంబాయి–సూయజ్ ముక్క.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఆనాటి సముద్రపు ఇంజన్లు ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు ఎనిమిది, తొమ్మిది పౌన్ల బొగ్గు తినేవి. 160 హార్స్‌పవర్‌ను తొమ్మిదితో హెచ్చవేస్తే గంటకు 1,440 పౌన్లు. రోజుకు 15 టన్నులు. హ్యూ లిండ్సేను కట్టింది అయిదున్నర రోజుల బొగ్గుకు, అంటే 80 టన్నుల పైచిలుకుకు. కానీ ఏడెన్ చేరాలంటే పదకొండు రోజులు పడుతుంది. మధ్యలో రేవు లేదు. ఏం చేశారు? ప్రయాణికుల సెలూన్‌లో, క్యాబిన్లలో, డెక్ మీద, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ బొగ్గు నింపేశారు. 1830 మార్చి 20న కమాండర్ జాన్ విల్సన్ బొంబాయి నుంచి బయల్దేరినప్పుడు అది టపా కట్టలు కూడా ఉన్న బొగ్గు పడవే.

పదకొండో రోజున ఏడెన్ చేరారు. అరలో మిగిలింది ఆరు గంటల బొగ్గు. 1,640 మైళ్ళను 264 గంటలతో భాగిస్తే గంటకు ఆరు మైళ్ళ పైచిల్లర. ఎదురుగాలి ఒక్కరోజు బలంగా కొట్టి ఉంటే ఆ ఓడ తెరచాపలెత్తుకుని ఎప్పటికి చేరేదో. ఏడెన్, మోఖా, జెద్దా మీదుగా ఏప్రిల్ 22న సూయజ్ చేరింది. మొత్తం 33 రోజుల్లో ఇంజన్ నడిచింది సుమారు 21 రోజులే. తక్కిన పన్నెండూ బొగ్గు ఎక్కించుకోవడానికే పోయాయి. వేగంగా వెళ్ళలేదని ఇంజన్‌ను తప్పుపట్టేవాళ్ళు ఈ పన్నెండు రోజులను గుర్తు పెట్టుకోవాలి.

ఏడెన్‌లో అప్పటికి జెట్టీ లేదు, క్రేన్ లేదు. బొగ్గును ముందుగానే ఇంగ్లండ్ నుంచి తెరచాప ఓడల్లో కేప్ చుట్టూ బొంబాయికి తెచ్చి, అక్కడి నుంచి మళ్ళీ ఎర్ర సముద్రపు రేవులకు పంపి, ఒడ్డున కుప్ప పోసి ఉంచేవారు. సూయజ్‌కు కావలసిన బొగ్గులో కొంత కైరో నుంచి ఒంటెల మీద వచ్చేది. ఓడ వచ్చాక మనుషులు గంపలతో, సంచులతో చిన్న పడవల్లోకి, పడవల నుంచి ఓడ పక్కకు, అక్కడి నుంచి డెక్ మీదికి, డెక్ నుంచి గుండ్రటి కన్నాల్లోంచి లోపలి అరలోకి. ప్రతి టన్నును అయిదారు సార్లు చేతులు మార్చాలి. ఎండలో ఏళ్ళ తరబడి పడి ఉన్న బొగ్గు పొడి పొడి అయిపోయి వేడి శక్తి తగ్గుతుంది. గంధకం ఉన్న బొగ్గు తడిగా ఉండగానే అరలోకి పోస్తే లోలోపల వేడెక్కి రాజుకుంటుంది. అందుకే తెలిసిన ఇంజనీర్లు కొత్త బొగ్గును పాతదాని మీద పోయనిచ్చేవారు కాదు. పాతదాన్ని ముందుకు లాగి, అదే మొదట కాల్చేవారు. అరలో ఇనుప కడ్డీ దించి, కాసేపయ్యాక పైకి తీసి చేత్తో పట్టుకుని చూడటం వాళ్ళ ఉష్ణమాపకం.

తెర మీద ఉన్నది అలాంటి ఓడ అడ్డుకోత. ఈ చక్రం చూడండి. చుట్టూ బిగించిన పలకలే నీటిని వెనక్కి తోసేవి. పలక నీళ్ళలో ఎంత లోతు మునగాలో చక్రం కట్టేటప్పుడే నిర్ణయిస్తారు. ఇలాంటి ఓడ ఆరేడు టన్నుల బరువుకు ఒక అంగుళం చొప్పున దిగుతుంది. 160 టన్నుల బొగ్గు అంటే రెండడుగుల తేడా. బయల్దేరిన రోజు చక్రాలు లోతుగా మునిగి ఉంటాయి: పలక నీళ్ళను చరుస్తూ లోపలికి దిగి, బయటికి వచ్చేటప్పుడు నీటిని మోసుకుంటూ పైకి లేస్తుంది. ఆ శ్రమంతా దండగ. చక్రం మెల్లగా తిరుగుతుంది కాబట్టి ఇంజన్ తన పూర్తి శక్తి ఇవ్వలేదు. బాయిలర్‌లో తయారైన ఆవిరి వాడకం లేక సేఫ్టీ వాల్వ్ నుంచి పోతుంది. పదో రోజుకు కథ తలకిందులు. ఓడ తేలికై లేస్తుంది, పలకలు నీళ్ళను అందీ అందనట్టు గీరుతాయి, చక్రం ఊరికే తిరుగుతుంది. నడిమి రెండు మూడు రోజులే సరైన లోతు దొరికేది.

దీనికి విరుగుడు పలకలను జరపడం. బరువుగా బయల్దేరేటప్పుడు పలకలను ఇరుసు వైపు లోపలికి జరిపి బిగించాలి, ఓడ తేలికయ్యాక మళ్ళీ అంచుకు తీసుకురావాలి. వినడానికి తేలిక. చేయాలంటే ఇంజన్ ఆపాలి, చక్రం కదలకుండా గొలుసులతో కట్టేయాలి, చక్రం గూటిలోకి మనిషి దిగి కొక్కెం బోల్టుల నట్లు విప్పాలి. ఉప్పునీటికి తుప్పు పట్టిన నట్లు కదలవు. ఉలితో నరకాలి. కెరటం ఊపుకు గొలుసు వదులైతే లోపలి మనిషి బతకడు. అందుకని సముద్రం నిద్రపోతున్నట్టున్న రోజునే ఈ పని పెట్టుకునేవారు. తెరచాపలతో నడిచేటప్పుడూ ఇదే తంటా: కదలని చక్రం నీళ్ళలో అడ్డుగా ఉంటుంది కాబట్టి కింది పలకలు ఊడదీయాలి.

ఓడ పక్కకు ఒరిగితే ఇంకో ప్రమాదం ఉంది. ఒక చక్రం గూటి దాకా మునిగితే రెండోది గాల్లో తిరుగుతుంది. బరువంతా ఒక పక్కనే పడి, క్షణంలో మళ్ళీ రెండో పక్కకు మారుతుంది. ఇరుసు మీద ఆ మెలి దెబ్బ గంటకు కొన్ని వందల సార్లు. పోత ఇనుము, చేత ఇనుము ఏదైనా సరే అలసిపోతుంది. చక్రాల ఓడలకు ఇరుసు విరగడం చిరకాలపు జబ్బు.

ఇక బాయిలర్. ఆ సంగతి కొంచెం తీరిగ్గా చెబుతాను, ఎందుకంటే టపా ఓడ ఆయుష్షు నిజంగా అక్కడే తేలేది.

ఆ బాయిలర్‌లో మరిగేది సముద్రపు నీరే. ఇంజన్ నుంచి వచ్చిన ఆవిరి మీద కండెన్సర్‌లో చల్లటి సముద్రపు నీటిని నేరుగా చిమ్మి నీరుగా మార్చేవారు. రెండూ కలిసిపోయాక ఆ ఉప్పునీటిలోంచే మళ్ళీ బాయిలర్‌కు పోసేవారు. రోజుకు 15 టన్నుల బొగ్గు సుమారు 100 టన్నుల నీటిని ఆవిరి చేస్తుంది. సముద్రపు నీటిలో ఉప్పు నూటికి మూడున్నర. అంటే ఏమీ చేయకుండా వదిలేస్తే రోజుకు మూడున్నర టన్నుల ఉప్పు బాయిలర్‌లో మిగిలిపోతుంది. ఎర్ర సముద్రపు ఉత్తర భాగంలో ఉప్పు నూటికి నాలుగు. బోరు నీళ్ళు కాచే గిన్నె అడుగున పట్టే తెల్లటి పొర మనందరికీ తెలుసు. ఇక్కడ అదే పొర ఇనుప రేకుకూ నీటికీ మధ్య అడ్డుగా నిలుస్తుంది. వేడి నీళ్ళలోకి పోదు, రేకు ఎర్రగా కాలి, మెత్తబడి, ఉబ్బి, చివరికి పగులుతుంది.

అందుకని ఉప్పునీటిని కొంత కొంత బయటికి వదలాలి. దీన్ని ఊదివేయడం అనేవారు. రెండు గంటలకోసారి అడుగు కుళాయి తిప్పితే బాయిలర్‌లోని ఆవిరి ఒత్తిడికే చిక్కటి ఉప్పునీరు సముద్రంలోకి పోతుంది. గాజు గొట్టంలో మట్టం కొన్ని అంగుళాలు దిగగానే మూసేయాలి. ఎంత వదలాలో తెలుసుకోవడానికి బాయిలర్ నీటిని చిన్న గిన్నెలోకి పట్టి, విడిగా మరిగించి, థర్మామీటర్ పెట్టేవారు. మంచినీరు 212 ఫారెన్‌హీట్ డిగ్రీల దగ్గర మరుగుతుంది, సముద్రపు నీరు 213కు కాస్త పైన. ఉప్పు మూడింతలు చిక్కబడితే 215న్నర. ఆ గీత దాటనీయకూడదు. మూడింతల దగ్గర ఆపాలంటే 100 టన్నుల ఆవిరికి 50 టన్నుల మరిగే నీటిని పారబోయాలి. దాని వల్ల సుమారు అయిదు శాతం బొగ్గు సముద్రం పాలు. ఇంకా జాగ్రత్తగా రెండింతల దగ్గరే ఆపితే పది శాతం. పదకొండు రోజుల ప్రయాణంలో పది శాతం అంటే ఒక రోజు పైన బొగ్గు. ఏడెన్‌లో మిగిలింది ఆరు గంటల బొగ్గు అని ఇందాక చెప్పాను కదా, ఇంజనీరు ఎంత సన్నటి గీత మీద నడిచాడో చూడండి. బొగ్గు ఆదా చేస్తే బాయిలర్ పాడు, బాయిలర్‌ను కాపాడితే బొగ్గు చాలదు.

కుళాయి ఇరుక్కుపోవడం అన్నిటికంటే భయంకరమైన సంగతి. తెరిచి ఉండగా ఇరుక్కుంటే నీటిమట్టం పడిపోయి, లోపలి పొగదారుల పైరేకు బయటపడి కుంగిపోతుంది. రేవు చేరాక కొలిమి ఆర్పి, బాయిలర్ చల్లారాక, మనిషి కన్నంలోంచి లోపలికి దూరి, దీపం పెట్టుకుని, సుత్తితో ఉప్పు పెచ్చులు కొట్టాలి. గట్టిగా కొడితే రేకు దెబ్బతింటుంది, మెల్లగా కొడితే పెచ్చు రాలదు. చక్కటి అనుభవం కావలసిన పని. ఈ పనికి టపా తేదీ ఒప్పుకునేది కాదు. నెలసరి టపా మొదలయ్యాక నెలనెలా ఓడ తిరిగి వెళ్ళాలి. శుభ్రం చేయకుండా పంపిన ప్రతిసారీ బాయిలర్ జీవితంలోంచి కొంత పోయేది. టేకు ఒళ్ళు దశాబ్దాలు నిలుస్తుంది: టేకులో ఉండే నూనె ఇనుప మేకులను ఓక్ కర్రలా తినేయదు. బాయిలర్లు మాత్రం కొన్నేళ్ళకే మార్చాల్సి వచ్చేది. ఒక ఓడ వయసు చెప్పేటప్పుడు ఒంటి వయసు వేరు, బాయిలర్ వయసు వేరు.

వేడి సముద్రం ఇంకో నష్టం చేసేది. బాయిలర్ ఒత్తిడి చదరపు అంగుళానికి నాలుగైదు పౌన్లే. పిస్టన్‌ను నెట్టే శక్తిలో ముప్పాతిక భాగం కండెన్సర్‌లోని శూన్యం వల్లే వచ్చేది. ఇంగ్లండ్ దగ్గర 15 డిగ్రీల సెల్సియస్ నీరు చిమ్మితే శూన్యం బాగా వస్తుంది. ఎర్ర సముద్రంలో నీరే 30 డిగ్రీలు. చిమ్మే నీటిని ఎంత పెంచినా దాన్నంతా బయటికి తోడాల్సింది ఎయిర్ పంపే, దానికీ ఓ హద్దుంది. ఫలితంగా శూన్యాన్ని కొలిచే పాదరసం ఒకటిన్నర అంగుళం దిగేది, దాంతో ఇంజన్ శక్తి నూటికి అయిదు పోయేది. అదే ఇంజన్, అదే బొగ్గు, కానీ థేమ్స్‌లో పరీక్షించినప్పటి వేగం జెద్దా దగ్గర రాదు. ఆ వేడిలో కొలిమి ముందు నిలబడ్డవాళ్ళ సంగతి వేరే చెప్పాలా? బొగ్గు విసరడం, మంట కదపడం, రోజుకు టన్నున్నర దాకా బూడిద బకెట్లలో పైకి లాగి గాలి వాలుకు పారబోయడం. వాళ్ళ పేర్లు ఏ నివేదికలోనూ ప్రముఖంగా కనిపించవు. టపా చేరడం వాళ్ళ భుజాల మీద ఆధారపడింది.

కంపెనీ డైరెక్టర్లు ఈ యాత్ర ఖర్చు చూసి బెదిరిపోయారు, ఇకపై వద్దన్నారు. బొంబాయి ప్రభుత్వం వినలేదు. 1830 డిసెంబర్‌లో పదవి దిగిపోతున్న గవర్నర్ సర్ జాన్ మాల్కమ్ ఈ ఓడలోనే ఈజిప్టులోని ఎర్ర సముద్రపు రేవు కొసైర్ దాకా వెళ్ళారు. తర్వాతి ఏళ్ళలో దాదాపు ఏడాదికొకసారి యాత్ర సాగింది, అదీ ఈశాన్యపు గాలి ఉన్న చలికాలంలో. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి రుతుపవనానికి ఎదురు నడవడం 160 హార్స్‌పవర్‌కు సాధ్యం కాదు. 1838 వానాకాలంలో అంతకంటే పెద్దదైన ఆవిరి ఓడ సెమిరామిస్ ప్రయత్నించి వెనుదిరిగింది. వానాకాలంలో పోవాలంటే దక్షిణంగా భూమధ్యరేఖ వైపు దిగి, పడమరకు తిరిగి, ఆఫ్రికా తీరం వెంట పైకి రావాలి. దూరం పెరుగుతుంది, దాంతో బొగ్గూ పెరుగుతుంది.

1834లో బ్రిటిష్ పార్లమెంటు సెలెక్ట్ కమిటీ కూర్చుంది. యూఫ్రటీస్ నది దారిని ఒకసారి చూడమంది. 1836లో, ఆ నది దారిని పరీక్షిస్తున్న చెస్నీ దళం తెచ్చే టపా అందుకోవడానికి హ్యూ లిండ్సేను పర్షియన్ గల్ఫ్‌కు పంపారు. ఆ నది దారి నిలవలేదు. 1837లో కంపెనీ, ప్రభుత్వం కలిసి బొంబాయి–సూయజ్ నెలసరి టపాకు ఒప్పుకున్నాయి. అటలాంటా, బెరెనీస్ అనే కొత్త ఓడలు వచ్చాయి: 600 టన్నుల పైన, 200 పైచిలుకు హార్స్‌పవర్.

నెలసరి టపా అనగానే నెలసరి బొగ్గు కావాలి. అది ఎక్కడ పోయాలి? సొకోత్రా దీవిలో సైన్యాన్ని దింపి చూశారు, జ్వరాలకు మనుషులు పడిపోయారు, వదిలేశారు. మిగిలింది ఏడెన్: లోతైన రేవు, రెండు వైపులా గాలి నుంచి కాపు, దారికి ఇంచుమించు నడిమిన. 1837 మొదట్లో దరియా దౌలత్ అనే ఓడ ఆ దగ్గర ఒడ్డెక్కితే దోచుకున్నారన్నది పైకి చెప్పిన కారణం. ఇండియన్ నేవీ కెప్టెన్ హెయిన్స్ ఏడెన్‌ను ఏలే లహెజ్ సుల్తాన్‌తో బేరం సాగించాడు. అది కుదరక 1839 జనవరి 19న వోలేజ్, క్రూయిజర్ ఓడల ఫిరంగులతో ఏడెన్‌ను పట్టుకున్నారు. టపా కోసం బొగ్గు, బొగ్గు కోసం ఒక ఊరు. అక్కడి జనానికి ఇందులో ఏ పాత్రా లేదు. ఈ మాట దాటవేసి ఆవిరి ఓడల ఘనత చెప్పడం నాకు ఇష్టం ఉండదు.

నౌకాదళం టపా మోస్తే వచ్చే చిక్కు ఇంకొకటి. ఎప్పుడు యుద్ధం వచ్చినా ముందు లాక్కునేది ఆవిరి ఓడల్నే. 1838 జూన్‌లో పర్షియన్ గల్ఫ్‌లోని ఖార్గ్ దీవికి సైన్యాన్ని తీసుకెళ్ళినవాటిలో సెమిరామిస్‌తో పాటు హ్యూ లిండ్సే ఉంది. తర్వాత చైనా, సింధు, బర్మా యుద్ధాలు. టపా తేదీ నాటికి ఓడ ఉండేది కాదు, ఉన్నదానికి బాయిలర్ బాగుండేది కాదు. 1847 ఏప్రిల్‌లో మలబారు తీరాన తుఫానులో ఇండియన్ నేవీ ఆవిరి ఓడ క్లియోపాత్రా మునిగిపోయింది. ఈలోగా పీ అండ్ ఓ కంపెనీ హిందోస్తాన్ అనే 1,800 టన్నుల ఓడను 1842 సెప్టెంబర్ 24న సౌతాంప్టన్ నుంచి పంపి కలకత్తా–మద్రాసు–గాల్–సూయజ్ దారి మొదలెట్టింది. మన తెలుగు జిల్లాల ఇంగ్లండ్ ఉత్తరాలకు మద్రాసు నుంచే ఆవిరి దారి అప్పుడు ఏర్పడింది. మద్రాసులో రేవు లేదు కాబట్టి టపా పెట్టెలు ఒడ్డు నుంచి ఓడ దాకా మసూలా పడవల్లో వెళ్ళేవి. మేకులు లేకుండా కొబ్బరి తాడుతో పలకలు కుట్టిన పడవలవి, కెరటం తాకిడికి వంగుతాయి గానీ పగలవు. 1854లో బొంబాయి–సూయజ్ టపా కూడా పీ అండ్ ఓకే వెళ్ళింది. ఇండియన్ నేవీని 1863లో రద్దు చేశారు.

ఈ ఓడల మీద పరిశోధన చేయాలనుకునే విద్యార్థులకు ఒక మాట చెప్పి ముగిస్తాను. బొంబాయి ప్రభుత్వ మెరైన్ శాఖ కాగితాలు ముంబైలోని మహారాష్ట్ర రాష్ట్ర పత్రాగారం (స్టేట్ ఆర్కైవ్స్)లోనూ, లండన్ బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ దస్త్రాల్లోనూ ఉన్నాయి. వాటిలో ఓడ లాగ్, అంటే రోజువారీ పుస్తకం, దొరికితే గాలి, దిక్కు, వేగం మాత్రమే రాసుకుని రావద్దు. ముందూ వెనకా మునక ఎంత, చక్రం నిమిషానికి ఎన్ని చుట్లు, మిగిలిన బొగ్గు ఎంత, కండెన్సర్ పాదరసం ఎన్ని అంగుళాలు, ఇలాంటివి కనిపించిన ప్రతిచోటా తేదీతో సహా ఎత్తి రాసుకోండి. రోజువారీ మునక తేడాను ఆరేడు టన్నులకు ఒక అంగుళం లెక్కన బొగ్గులోకి మార్చి, ఇంజనీరు రాసిన ఖర్చుతో సరిచూడండి. రెండూ కలవని రోజున బాయిలర్ కారుతోందా, బొగ్గు నాసిరకమా, తూకం తప్పా అన్నది మీకే దొరుకుతుంది.